ఉన్నంతలో ఇల్లు నడపడం: అవసరమెంత, కోరికెంత అని విడదీసి లెక్క వేసుకునే పద్ధతి

ఖర్చులు తగ్గించుకోమని చెప్పేవాళ్లు ముందుగా మన టీ మీద, సినిమా మీద, ఆదివారం బిర్యానీ మీద పడతారు. వాటివల్ల మునిగిన ఇల్లు అరుదు. నెలనెలా జీతం వస్తున్నా చేబదుళ్లు తప్పని ఇళ్ల జమాఖర్చులు తీసి చూస్తే తేడా ఎక్కడ వచ్చిందో తొందరగానే కనబడుతుంది. ఒక్కసారి సంతకం పెట్టి ఏళ్ల తరబడి కట్టేవాటిలోనే అది ఉంటుంది: ఇంటి అద్దె, బండి వాయిదా, పిల్లల బడి, ఫోన్ ఈఎంఐ, అప్పు చేసి జరిపిన ఫంక్షన్. ఈ నాలుగైదు నిర్ణయాలు సరిగ్గా ఉన్న ఇంట్లో టీకి లెక్క చూసుకోనక్కర్లేదు.

ఇంకో సంగతి. వస్తువులన్నిటినీ అవసరాలు ఒకవైపు, కోరికలు ఒకవైపు పేర్చమని చెబుతుంటారు. కూర్చుని రాయడం మొదలుపెడితే అది రెండో వస్తువు దగ్గరే ఆగిపోతుంది. ఫోన్ ఎటు పెట్టాలి? ఫోన్ లేకుండా ఈ రోజుల్లో ఉద్యోగం లేదు, బ్యాంకు లేదు, గ్యాస్ బుకింగ్ లేదు. కానీ 60,000 పెట్టి కొన్న ఫోన్ మొత్తం అవసరమేనా? దాదాపు ప్రతి ఖర్చులోనూ కొంత అవసరం, కొంత కోరిక కలిసే ఉంటాయి. అందుకే గీత వస్తువుకీ వస్తువుకీ మధ్య కాదు, ప్రతి వస్తువు లోపలే గీయాలి. కింద చెప్పిన పద్ధతికి ఇదే ఆధారం.

మొదటి అడుగు: చేతికి నిజంగా వచ్చేదెంత

ఆఫర్ లెటర్‌లో ఉన్న సీటీసీ, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు, మీ ఆదాయం కాదు. అందులో యజమాని కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే కూడా కలిపి చూపిస్తారు. మీ వాటా పీఎఫ్, వృత్తి పన్ను, ఆదాయపు పన్ను పోగా ఖాతాలో పడిన అంకె ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. ఓవర్‌టైం, ఇన్సెంటివ్, బోనస్ వస్తే మంచిదే. వాటిని నమ్ముకుని మాత్రం నెల ఖర్చు ఖాయం చేసుకోవద్దు.

ఆటో, క్యాబ్ నడిపేవారికి, కుట్టుపని చేసేవారికి, చిన్న దుకాణదారులకు ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు. గడిచిన 12 నెలల్లో బాగా తక్కువ వచ్చిన మూడు నెలల సగటు తీసి, అదే మీ నెలసరి ఆదాయం అనుకోండి. అంతకు మించి వచ్చిన నెలలో ఆ మిగులు తక్కువ వచ్చే నెలలకు పక్కన పెట్టాలి. పంట మీద బతికే ఇంట్లో అయితే వచ్చిన సొమ్ములోంచి వచ్చే సీజను పెట్టుబడి ముందే తీసేసి, మిగిలినదాన్ని 12తో భాగించాలి.

రెండో అడుగు: మూడు నెలల పద్దు

గడిచిన మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, యూపీఐ చిట్టా, క్రెడిట్ కార్డు బిల్లులు ముందేసుకుని ఒక నోటు పుస్తకంలో పద్దులు రాయండి. వెచ్చాలు, పాలు, కూరగాయలు, అద్దె, కరెంటు, బడి, మందులు, పెట్రోలు, వాయిదాలు, బయటి తిండి, బట్టలు, ఊరికి పంపినది. ఏ పద్దులోకీ రానివి ‘ఇతరాలు’ అని వేయండి. ఇతరాల్లో పడ్డది 2,000 దాటితే మాత్రం మళ్లీ విడదీయాలి. తెలియకుండా పోయే డబ్బు ఎక్కువగా దాక్కునేది అక్కడే.

యూపీఐ చిట్టాతో ఒక ఇబ్బంది ఉంది. చాలాసార్లు దుకాణం పేరుకు బదులు యజమాని పేరు కనిపిస్తుంది. ఆ 180 రూపాయలు కూరగాయలకో, పానీపూరీకో పది రోజుల తర్వాత గుర్తురాదు. అందుకని పాత మూడు నెలలు తేలినంత వరకు తేల్చి, ఈ నెల నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు ఆనాటి ఖర్చు రాసుకోండి. మొదటి నెల ఏదీ తగ్గించకండి. ఉన్నది ఉన్నట్టు తెలియడమే ఆ నెల పని.

దీంతోపాటు ఏడాదికోసారి వచ్చేవి విడిగా రాయాలి. ఇల్లు కుదురుగా సాగుతోందనుకునే వేళ వచ్చి పడేవి ఇవే. జూన్‌లో బడి ఫీజు, పుస్తకాలు, యూనిఫారాలు. శ్రావణమాసంలో నోములు, వరసగా పెళ్లిళ్లు. దసరా బట్టలు, సంక్రాంతికి ఊరి ప్రయాణం. బండి బీమా, ఆస్తి పన్ను, ఇంట్లో ఏదో ఒక రిపేరు. ఇవేవీ అనుకోని ఖర్చులు కావు. సంక్రాంతి ప్రతి జనవరిలోనూ వస్తుంది. అన్నీ కూడి 12తో భాగించి, ఆ మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేయండి. ఏడాదికి 42,000 తేలితే నెలకు 3,500 అన్నమాట. అది ఖర్చయిపోయిన డబ్బు కిందే లెక్క, పొదుపు కాదు.

మూడో అడుగు: ప్రతి పద్దులోనూ గీత గీయడం

ఇది తొందరపడి చేసే పని కాదు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో సంపాదించేవారు, ఖర్చుపెట్టేవారు అందరూ కూర్చుని చేయాలి. ప్రతి పద్దు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది లేకపోతే వచ్చే నెలలో ఏ పని ఆగిపోతుంది? ఆ పని సాగడానికి సరిపడే, మన్నికైన రకం ఎంతలో దొరుకుతుంది? రెండో ప్రశ్నకు వచ్చిన జవాబే అవసరం. దాని పైన పెట్టేదంతా కోరిక. కోరిక అంటే తప్పని కాదు, దానికి డబ్బు వేరే పద్దులోంచి రావాలని మాత్రమే.

ఫోన్ దగ్గర ఇది తేలిక. బ్యాంకు పనులు, ఆఫీసు కాల్స్, పిల్లల క్లాసులు 15,000 లోపు ఫోన్‌లో సాగిపోతాయి. మీరు 40,000ది కొంటే 25,000 కోరిక పద్దులో పడుతుంది. బండి దగ్గర ఇంకో మెలిక ఉంది: కొన్న ధరతో పాటు నడిపే ఖర్చు కూడా చూడాలి. ఎక్కువ సీసీ బండి వాయిదాలు తీరాక కూడా పెట్రోలు, సర్వీసు, బీమా రూపంలో తింటూనే ఉంటుంది.

అద్దె విషయంలో గీత ఒకచోట నిలవదు. ఊరి చివర 3,000 తక్కువకు ఇల్లు దొరికిందని వెళ్తే, ఇద్దరికీ కలిపి ప్రయాణానికి నెలకు 4,000 అదనంగా పడొచ్చు. ఆ ఇల్లు చవక కాదు. అదే గేటెడ్ కమ్యూనిటీలో 8,000 ఎక్కువ పెట్టి, అక్కడి క్లబ్ హౌసు ముఖం కూడా చూడకపోతే ఆ 8,000 ఎక్కడ వేయాలో మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా కష్టం పిల్లల బడి. ఇక్కడ తల్లిదండ్రులు ప్రేమతో సంతకం పెడతారు, లెక్కతో కాదు. చదువు అవసరమే, అందులో సందేహం లేదు. అడగాల్సింది ఈ ఏడాది ఫీజు కట్టగలమా అని కాదు, పదో తరగతి దాకా కట్టగలమా అని. మూడో తరగతిలో 60,000 ఫీజు ఏటా 10 శాతం పెరుగుతూ పోతే పదో తరగతికి దాదాపు 1,17,000 అవుతుంది. ఇద్దరు పిల్లలైతే దానికి రెట్టింపు. ఎనిమిదో తరగతిలో ఫీజు కట్టలేక బడి మార్పిస్తే ఆ పిల్లవాడు పడే బాధ ఎక్కువ. మొదటే కాస్త తక్కువ ఫీజు ఉన్న, ఇంటికి దగ్గరున్న, టీచర్లు ఏళ్ల తరబడి నిలిచి ఉన్న బడిలో వేయడం నా ఉద్దేశంలో మేలు. భవనం, ఏసీ గది, బడి పేరు చివర తగిలించిన ఇంగ్లీషు తోకలు పాఠం చెప్పవు.

గీత రెండో వైపునా పని చేస్తుందని మరిచిపోవద్దు. చాలా ఇళ్లలో కోరికల వాయిదాలు కట్టడానికి అవసరాలు నోరు మెదపకుండా వెనక్కి పోతుంటాయి. అమ్మ బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటుంది. నాన్న కంటి ఆపరేషన్ వచ్చే ఏడాదికి జరుగుతుంది. ఇంటావిడ పంటి నొప్పికి లవంగం పెట్టుకుని సర్దుకుంటుంది. వీళ్లు అడగరు కాబట్టి పద్దులోకి ఎక్కరు. గీత గీసే ఆదివారం ముందుగా ఇవి రాయండి. ఆరోగ్య బీమా, సంపాదించే మనిషి మీద టర్మ్ బీమా (గడువులోగా ఆ మనిషి పోతేనే ఇంటికి డబ్బు వచ్చే పాలసీ) కూడా ఈ వరసలోవే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. పెద్ద పాలసీ కట్టలేని ఇంట్లో కనీసం బ్యాంకు ఖాతా ద్వారా తీసుకునే రెండు కేంద్ర పథకాలు ఉండాలి. సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. జీవన్ జ్యోతి ఏడాదికి 436 రూపాయలు, ఏ కారణంగా మరణించినా 2 లక్షలు.

నాలుగో అడుగు: అంకెలు పేర్చి చూడటం

విజయవాడలో ఇద్దరు పిల్లలున్న ఒక ఇల్లు, చేతికొచ్చేది 48,000 అనుకుందాం. అద్దె 11,000. వెచ్చాలు, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి 10,500. కరెంటు, ఫోన్లు, ఇంటర్నెట్ 2,000. బడి 5,000. పెట్రోలు, ప్రయాణాలు 3,000. మందులు 1,500. ఊళ్లో అమ్మానాన్నలకు 3,000. ఇక్కడికి 36,000. బీమాలు 1,500, ఏడాది ఖర్చుల ఖాతాలోకి 3,500 కలిపితే 41,000. మిగిలిన 7,000లో 4,000 పొదుపు, 3,000 కోరికలకు. బయట తిండి, సినిమా, పిల్లల సరదాలు ఆ 3,000లోనే జరగాలి.

ఇరుకైనా ఈ ఇల్లు సాఫీగా సాగే ఇల్లే. ఇప్పుడు ఇందులోకి ఫోన్ ఈఎంఐ 3,000, కొత్త బండి వాయిదా 4,500 తీసుకురండి. పొదుపు పోయింది, సరదాలు పోయాయి, ఇంకా 500 తక్కువ పడింది. ఆ 500 క్రెడిట్ కార్డు మీదకు వెళ్తుంది, మరుసటి నెల వడ్డీతో తిరిగొస్తుంది. ఏ వాయిదా తీసుకునే ముందైనా షోరూంలో కుర్చీలోంచి లేచి బయటికొచ్చి, మీ పద్దు పుస్తకంలో ఏ అంకె తీసేసి ఈ అంకె వేస్తారో చూసుకోండి. తీసేయడానికి అంకె దొరక్కపోతే అది మీ స్తోమతకు మించినది.

సగం అవసరాలకు, 30 శాతం కోరికలకు, 20 శాతం పొదుపుకు అనే సూత్రం బాగా ప్రచారంలో ఉంది. 48,000 ఆదాయంలో అవసరాలు 24,000కు కుదించడం నలుగురున్న ఇంటికి సాధ్యం కాదు. శాతాల కోసం బాధపడకండి. పొదుపు 5 శాతంతో మొదలైనా అది ప్రతి నెలా, జీతం పడిన రోజే పక్కకు వెళ్లడం ముఖ్యం.

ఐదో అడుగు: అప్పుల సంగతి

ఊళ్లో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే అందరికీ భయమే. నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. క్రెడిట్ కార్డు మీద నెలకు 3.5 శాతం వడ్డీ అంటే అది మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. కార్డు మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఆ భయం కలగదు. 50,000 బాకీ మీద నెల వడ్డీ 1,750, దాని మీద 18 శాతం జీఎస్టీ 315, మొత్తం 2,065. కనీస చెల్లింపు 5 శాతం, అంటే 2,500 కడితే అసలు తగ్గేది 435 మాత్రమే. పైగా బాకీ మిగిల్చిన నెలలో కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అని చూడగానే ఆగండి. వడ్డీ లేని అప్పు అనేది అసలు లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కానికి దొరికే డిస్కౌంటు వదులుకోవడం, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ, ఈ రూపాల్లో ఆ ఖర్చు మన మీద పడుతుంది. అలాగే ‘ఫ్లాట్ 10 శాతం’ అన్న మాట. లక్ష అప్పు, రెండేళ్లు, నెలకు 5,000 కట్టాలంటే వడ్డీ 20,000. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మొదటి లక్ష మీదే వేశారు కాబట్టి నిజమైన రేటు సుమారు 18 శాతం. ఫైనాన్స్ కంపెనీలో గానీ బ్యాంకులో గానీ ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వమని అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు కొత్తగా ఇచ్చే వాయిదాల అప్పులకు అది ఇచ్చి తీరాలి. అందులో అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటు ఉంటుంది. రెండు చోట్ల ఇచ్చిన ఆ ఒక్క అంకెనే పోల్చి చూడండి.

ఉన్న అప్పులను వడ్డీ రేటు ప్రకారం పై నుంచి కిందికి రాయండి. అన్నిటికీ కనీసం కట్టాల్సింది కడుతూ, మిగిలిన ప్రతి రూపాయీ పైనున్నదానికి పంపాలి. అది తీరాక ఆ వాయిదా సొమ్ము మొత్తం దాని కిందిదానికి. బీరువాలో బంగారం ఉండి కార్డు బాకీ పేరుకుపోయి ఉంటే, బ్యాంకులో తక్కువ వడ్డీకి తాకట్టు పెట్టి కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చేయడం లెక్క ప్రకారం సరైనదే. ఆ రోజే కార్డు వాడకం ఆపకపోతే మాత్రం రెండు అప్పులూ మీ మీదే ఉంటాయి.

ఆరో అడుగు: కొనే చేతికి అడ్డు

మనసును అదుపులో పెట్టుకోమని చెప్పడం తేలిక. దానికన్నా కొనడాన్ని కాస్త కష్టం చేయడం పని చేస్తుంది. జీతం పడే ఖాతాకు యూపీఐ తీసేయండి. రెండో ఖాతా తెరిచి, ప్రతి సోమవారం ఆ వారం ఖర్చు మాత్రమే అందులోకి పంపి, దానికే యూపీఐ పెట్టుకోండి. శుక్రవారానికి ఖాళీ అయితే ఎందుకయిందో అప్పుడే తెలుస్తుంది, నెలాఖరు దాకా ఆగనక్కర్లేదు. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు నంబర్లు తొలగించండి. యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే ఎప్పుడో ఉచితంగా మొదలుపెట్టి మరిచిపోయిన చందాలు కనిపిస్తాయి. అక్కడే రద్దు చేయొచ్చు.

1,000 దాటిన ఏ కోరికైనా ముందు పుస్తకంలో తేదీ వేసి రాయండి. వారం ఆగండి. 10,000 దాటితే నెల ఆగండి. గడువు తీరాక కూడా కావాలనిపిస్తే, కోరికల పద్దులో డబ్బు ఉంటే, సంతోషంగా కొనుక్కోండి.

ఏడో అడుగు: నలుగురిలో జరిగే ఖర్చు

పెళ్లి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, మొదటి పుట్టినరోజు. మన ఇళ్లలో ఏళ్ల పొదుపును ఒక్క రోజులో తుడిచిపెట్టేవి ఇవి. ఇక్కడ ఖర్చు పెరిగేది నగిషీల వల్ల అనుకుంటాం గానీ అసలు మూలం పిలుపుల జాబితా. విస్తరికి 600 చొప్పున 800 మందికి 4,80,000. 500 మందికి 3,00,000. హాలు సైజు, కార్లు, రిటర్న్ గిఫ్టులు అన్నీ ఆ జాబితాను బట్టే పెరుగుతాయి. కాబట్టి హాలు బుక్ చేయడానికి ముందే జాబితా తేల్చండి. ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాట ముందుగా, మర్యాదగా చెప్పాలి: ‘నాన్నా, మన దగ్గర ఇంత ఉంది. అప్పు లేకుండా ఇందులో జరిగేలా మీరే జాబితా చూడండి.’ బాధ్యత వాళ్ల చేతిలో పెడితే చాలామంది పెద్దవాళ్లు మనకన్నా జాగ్రత్తగా కుదిస్తారు.

మనం వెళ్లే ఫంక్షన్లకు చదివింపుల పద్దు ఏడాది ఖాతాలో ముందే ఉంటుంది. దగ్గరివారికి ఎంత, తెలిసినవారికి ఎంత అని ఏడాది మొదట్లోనే ఖాయం చేసుకుంటే గేటు దగ్గర కవరులో ఎంత పెట్టాలా అని తడబాటు ఉండదు. ఇతరులు పెట్టినదాన్ని బట్టి పెంచుకుంటూ పోయే పోటీ అక్కడితో ఆగుతుంది.

ఎనిమిదో అడుగు: అవసరాన్నే చవకగా తీర్చుకోవడం

కోరికలు తగ్గించాక కూడా సరిపోకపోతే అవసరాల ధర చూడాలి. 1999లో మొదలైన రైతుబజార్లలో ఆ రోజు ధరల బోర్డు ఉంటుంది. వారానికి రెండుసార్లు వెళ్లగలిగితే కూరగాయల పద్దు తగ్గుతుంది. రోజూ వేసుకునే బీపీ, షుగరు మందులకు డాక్టరును అడిగి జన్ ఔషధి కేంద్రంలో జెనరిక్ (కంపెనీ బ్రాండు పేరు లేని అదే మందు) తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. రెండో బండి కొనే ముందు ఆ దారిలో బస్సు ఉందేమో చూడండి. తెలంగాణలో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతికి అర్హులైతే నెలకు 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా, దాటితే మొత్తం యూనిట్లకూ కట్టాలి. నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకోవడం ఆ ఇళ్లకు డబ్బు ఆదా చేసే పని.

తొమ్మిదో అడుగు: మిగిలినది ఎక్కడ పెట్టాలి

ముందుగా మూడు నెలల అవసరాలకు సరిపడా సొమ్ము కూడబెట్టండి. పై ఉదాహరణలో అది సుమారు 1,23,000. బ్యాంకులో నెలనెలా కొంత వేసే రికరింగ్ డిపాజిట్ చాలు, తెలివైన పెట్టుబడి అక్కర్లేదు. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంటుంది.

చిట్టీలు మన ఇళ్లలో పాత అలవాటు. నెలనెలా కట్టాల్సిందే కాబట్టి పొదుపు ఆగదు, అది మేలే. రిజిస్టరైన చిట్టీలోనే చేరండి. చట్టం ప్రకారం నిర్వాహకుడి కమీషన్ 7 శాతానికి మించకూడదు. మొదటి నెలల్లోనే ఎక్కువ తగ్గించి పాట పాడి టీవీ కొనడం మాత్రం అప్పు చేసి కొనడమే. చిట్టీని చివరి దాకా ఉంచగలిగినవారికే అది పొదుపు.

ఎంత కుదించినా చాలనప్పుడు

కొన్ని ఇళ్లలో కోరికల పద్దు సున్నా చేసినా అవసరాలే ఆదాయాన్ని మించుతాయి. ఆ ఇంటివాళ్లు దుబారా మనుషులు కారు, వాళ్లను పొదుపు చేయమని మందలించడం అన్యాయం. అక్కడ పెద్ద పద్దులే కదలాలి: అద్దె తక్కువున్న చోటికి మారడం, ప్రభుత్వ బడి లేదా గురుకులం సీటు ప్రయత్నించడం, ఇంట్లో రెండో సంపాదన, బ్యాంకుకు వెళ్లి వాయిదా గడువు పెంచమని అడగడం. వాయిదా తప్పకముందే వెళ్తే బ్యాంకు మాట వింటుంది. లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఒక యాప్ బాకీ తీర్చడానికి ఇంకో యాప్ తెరిచిన ఇళ్లు ఎంత నలిగిపోయాయో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పత్రికలు చదివేవారందరికీ తెలుసు.

జీతం పెరిగిన నెల కూడా ఇంతే జాగ్రత్తగా ఉండాల్సిన నెల. 48,000 కాస్తా 53,000 అయితే, పెరిగిన 5,000లో 2,500 మొదటి జీతం పడక ముందే పొదుపుకు ఆటోమేటిక్‌గా వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేయండి. మిగిలిన 2,500 ఏ పద్దులో వేయాలో ఆ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు తేల్చండి. ముందు వరుసలో అమ్మ మాత్రలు, నాన్న కన్ను ఉంటాయి.